పోలినాయుడి రసమట్టం

తాపీ పట్టినవాడికి ఒక తెగులుంటుంది. ఎవరింటికెళ్ళినా ముందు గోడ చూస్తాడు, ఆ తరవాతే మనిషిని చూస్తాడు. కొత్తవలస మేస్త్రి పోలినాయుడు భీమిలి దారిలోని మద్యవిముక్తి కేంద్రానికి వచ్చిన మొదటి రోజున చేతులు వణుకుతున్నాయి, నోరు ఎండిపోతోంది, పక్కన భార్య నూకరత్నం కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. అయినా సరే, డాక్టరుగారి గదిలో కూర్చోగానే ఆయన చేసిన మొదటి పని కిటికీ వైపు వేలు చూపించడం.

"ఆ కిటికీ పావంగుళం ఎడంపక్కకి వాలిపోనాదమ్మా. కట్టినోడెవడో గానీ, నాలాటోడే. మందు మీదున్నాడు."

"నోరు ముయ్యి మావా," అంది నూకరత్నం.

డాక్టర్ షమీమ్ లేచి వెళ్ళి కిటికీ గట్టు మీద పెన్సిలు పెట్టింది. పెన్సిలు ఎడంపక్కకి దొర్లి కింద పడింది. "మీలాంటి మనిషి నాకు కావాలి మేస్త్రిగారూ," అంది.

ఆ కేంద్రం వెనకాల ఒక ప్రయోగశాల ఉంది. షమీమ్ ఆరేళ్ళుగా అందులో ఒకే వస్తువు మీద పనిచేస్తోంది. చెవి వెనక అతికించుకునే బిళ్ళ ఒకటి, మణికట్టుకి కట్టుకునే చిన్న గాజు గొట్టం ఒకటి. గొట్టంలో పచ్చటి ద్రవం, అందులో ఒక బుడగ. మనిషి తన గురించి తాను లోపల ఏమనుకుంటున్నాడో బిళ్ళ పసిగడుతుంది, బుడగ బయటపెడుతుంది. తనని తాను తిట్టుకుంటుంటే బుడగ ఎడమకి జరుగుతుంది, తనంతటివాడు లేడనుకుంటే కుడికి.

పోలినాయుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఓలమ్మా! ఇది రసమట్టం కాదేటి?" అన్నాడు. గోడ కట్టేటప్పుడు మేస్త్రులు ఇటుకల వరస మీద పెట్టి చూసేది అదే. బుడగ నడుమనుంటే వరస మట్టంగా ఉన్నట్టు. ప్రయోగశాలలో ఆ వస్తువుకి నోరు తిరగని పేరేదో ఉండేది. ఆ రోజు నుంచి అందరూ రసమట్టమే అన్నారు. తాను పెట్టిన పేరు డాక్టర్ల నోట వినేసరికి పోలినాయుడికి ఎంత గర్వం వచ్చిందంటే, సాయంత్రానికల్లా ఆయన బుడగ కుడి చివరికి పోయి కూర్చుంది.

కొంప ముంచేది ఆ చివరే. ఎడమ చివరా అంతే. షమీమ్ కనిపెట్టిన సంగతి అది. తాగుడు మానినవాడు మళ్ళీ గ్లాసు పట్టడానికి రెండు రోజుల ముందే బుడగ ఏదో ఒక కొసకి చేరుతుంది. "నా బతుకూ ఒక బతుకేనా" అని ఎడమకి, లేకపోతే "ఒక్క గ్లాసుకి నాకేటవుతాది" అని కుడికి.

"ఎటు నుంచి పోయినా దారి అదే దుకాణానికి చేరుతుంది మేస్త్రిగారూ," అనేది షమీమ్. "మీరెంతో అంతే అనుకోండి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

చెప్పడానికి బాగానే ఉంటుంది. రెండు నెలలపాటు ఆ బుడగతో పోలినాయుడు పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. పొద్దున్న కుడి, మధ్యాహ్నం ఎడమ. నలుగురిలో కూర్చుని మాట్లాడితే కాస్త నడుమకి వచ్చేది, భార్య ఫోను పెట్టేయగానే మళ్ళీ జారేది. ఖాళీగా ఉంటే పిచ్చెక్కుతుందని కేంద్రంలో ఉన్న పగుళ్ళన్నీ పూడ్చాడు, ఆ కిటికీని పీకి సరిగ్గా నిలబెట్టాడు.

మూడో నెలలో షమీమ్ ఇంకో అడుగు ముందుకేసింది. బుడగ నడుమ నుంచి కదిలితే చాలు, బిళ్ళే సన్నటి విద్యుత్తు పంపి దాన్ని వెనక్కి లాక్కొచ్చేలా చేసింది. దానికి సర్దుబాటు అని పేరు. నలభై ఒక్కమందికి పెట్టారు. డెబ్బై రోజుల్లో ఒక్కడంటే ఒక్కడు చుక్క ముట్టలేదు. నివేదిక సగం రాయడం కూడా అయిపోయింది. పోలినాయుడు హాయిగా నిద్రపోతున్నాడు, హాయిగా తింటున్నాడు, ఏదీ గుచ్చుకోవడం లేదు.

అలా ఉండగా ఒక శనివారం ఇంటికి వచ్చాడు. రాక తప్పలేదు. కూతురు హైమ నర్సింగు చదువు మానేస్తానని ట్రంకుపెట్టెతో వచ్చేసిందని, సోమవారం వెళ్ళి సంతకం పెట్టేస్తే ఇక అంతేనని నూకరత్నం ఫోనులో ఏడ్చింది.

ఇక్కడ ఆ ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. ఊళ్ళో అరవై ఇళ్ళు మట్టంగా కట్టిన మేస్త్రి సొంత ఇంటి వసారా మాత్రం లోపలికి వాలేలా కట్టుకున్నాడు. వాన పడితే నీళ్ళు వీధిలోకి పోవలసింది పోయి తిన్నగా వంటింట్లోకి వస్తాయి. ఎనిమిదేళ్ళుగా నూకరత్నం వాన వస్తే చీపురు పట్టుకుని నిలబడుతుంది.

ఆ మట్టం పెట్టిన రోజున పైపు రెండో కొస పట్టుకున్నది హైమే. అప్పుడు దానికి పన్నెండేళ్ళు. దూరంగా ఉన్న రెండు చోట్ల మట్టం చూడాలంటే రసమట్టం చాలదు, నీళ్ళు నింపిన పారదర్శకమైన పైపు కావాలి. ఒక కొస ఒకరు, రెండో కొస ఒకరు పట్టుకుంటారు. రెండు పక్కలా నీళ్ళు ఎక్కడ నిలిస్తే అదే మట్టం. పోలినాయుడు ఈ కొస నుంచి "కదలకే! కదలకంటే!" అని అరుస్తూనే ఉన్నాడు. వసారా వాలిందని మొదటి వానకి తెలిశాక, "దీని సెయ్యి నిలబడదర్రా, ఊగుతాది" అన్నాడు. వీధిలో అన్నాడు, పనిలో అన్నాడు, మరదలి పెళ్ళిలో భోజనాల దగ్గర నవ్వుతూ అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ పిల్ల మాత్రం నమ్మింది. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేది. అయినా పంతం కొద్దీ నర్సింగులో చేరింది. మొన్న వార్డులో ఒక ముసలాయన చేతికి సూది పెట్టబోతే మూడుసార్లు తప్పింది. హెడ్ నర్సు నలుగురిలో కేకలేసింది. "నాది పుట్టుకతోనే వణుకు చెయ్యమ్మా, నాన్న ఎప్పుడో చెప్పాడు," అని తల్లితో అంది.

ఇంకో సంగతి ఉంది, అది పోలినాయుడికి తప్ప ఎవరికీ తెలీదు. ఆ సాయంత్రం పైపు చుడుతుంటే లోపల బొటనవేలంత గాలిబుడగ కనిపించింది. పైపులో గాలి చిక్కుకుంటే రెండు కొసల నీళ్ళూ సమంగా నిలవవు. అందుకే నీళ్ళు నింపాక గాలి తరిమేసి, రెండు మూతులూ పక్కపక్కన పెట్టి చూసుకుని మరీ పని మొదలెడతారు. చిన్న కూలీకి కూడా తెలిసిన సంగతి. ఆ రోజు ఆయన పొద్దున్నే తాగి ఉన్నాడు, చూసుకోలేదు. బుడగ కనిపించగానే గబగబా పైపులో నీళ్ళు కుమ్మరించేశాడు. కేంద్రంలో అందరూ తమ తమ పాపాలు చెప్పుకునే చోట కూడా ఆయన ఇది చెప్పలేదు.

శనివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పాడు. ఎంత తేలిగ్గా చెప్పాడంటే, చేపల పులుసు కలుపుకుంటూ చెప్పాడు.

"ఆ వసారా తప్పు నాదే హైమా. పైపులో గాలున్నాది. నేనే సూసుకోలేదు. నీ సెయ్యి మంచిదే. రత్నం, ఇంకొంచెం పులుసు పొయ్యి."

నూకరత్నం గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. హైమ తండ్రి మొహంలోకి చూసింది. ఎక్కడైనా ఏమైనా కదులుతుందేమోనని చాలాసేపు చూసింది.

"ఎవరు చెప్పమన్నారు నాన్నా? అమ్మేనా, ఆ సెంటరోళ్ళా?"

"ఎవులూ సెప్పమన్లేదు."

"నన్నేటి చిన్నపిల్లననుకున్నావా? చదువు మానేస్తానన్నానని ఇప్పుడో కథ అల్లుకొచ్చావు. నిజంగా నీ తప్పే అయితే ఇలగ పులుసు పోసుకుంటూ చెప్తావేటి?" హైమ కంచం దగ్గర నుంచి లేచిపోయింది. "నన్ను ఓదార్చడానికి అబద్ధాలాడకు. అది ఇంకా నామోషీ."

పోలినాయుడు లోపలికి తొంగి చూసుకున్నాడు. బాధ ఉండాల్సిన చోట బాధ లేదు. కొత్తగా పూత పూసిన గోడలా నున్నగా ఉంది. ఉన్న పులుసుతో అన్నం తినేశాడు.

స్నానానికి వెళ్ళినప్పుడు బిళ్ళా, గొట్టం తీసి గూట్లో పెట్టాడు. నాలుగు చెంబులు పోసుకున్నాడు. అయిదో చెంబు ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. పన్నెండేళ్ళ పిల్ల రెండు చేతులతో పైపు పట్టుకుని, ఊపిరి కూడా బిగపట్టుకుని, నాన్న ఎప్పుడు సరే అంటాడా అని చూస్తున్న మొహం కళ్ళ ముందుకొచ్చింది. ఆ పిల్ల కదల్లేదు. ఒక్క వెంట్రుకవాసి కూడా కదల్లేదు. పోలినాయుడు తడి గచ్చు మీద కూలబడి, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. ఇంత ఏడుపు తనలో ఉందని ఆయనకే తెలీదు.

కాసేపటికి భయమేసి గొట్టం కట్టుకుని, బిళ్ళ తీసి చెవి వెనక పెట్టుకున్నాడు. కుళాయి కట్టేసినట్టు ఏడుపు ఆగిపోయింది. ఎక్కిళ్ళు మధ్యలో ఉండగా ఆగిపోయింది. మణికట్టు మీద బుడగ నడుమన బుద్ధిగా కూర్చుంది.

నిండు కుండ తొణకదంటారు. గడ్డకట్టిన కుండ కూడా తొణకదు.

ఆదివారం పొద్దున్నే మొదటి బస్సుకి ప్రయోగశాలకి చేరాడు. షమీమ్ నివేదికలో ఆఖరి పేజీలు రాసుకుంటోంది. పోలినాయుడు బిళ్ళా, గొట్టం ఆమె ముందు పెట్టి, స్నానాలగదిలో జరిగిందంతా చెప్పాడు.

"మీరు తాగలేదు కదా?" అంది షమీమ్.

"తాగలేదు."

"మరి పని చేస్తున్నట్టే కదా?"

"అమ్మా, కొత్త మట్టం కొన్నప్పుడు సమంగా ఉన్న బల్ల మీద పెట్టి సూడకూడదు. వంకరున్న సోట పెట్టి సూడాలి. వంకర సూపించిందా, మంచి మట్టం. అక్కడ కూడా బుడగ నడుమనే ఉన్నాదా, అది మట్టం కాదు, బొట్టుబిళ్ళ. మీరు దీన్ని మీ వంకర మీద పెట్టి సూసినారా?"

షమీమ్‌కి కోపం వచ్చింది. ఆరేళ్ళ కష్టాన్ని బొట్టుబిళ్ళ అంటే ఎవరికి రాదు? కానీ ఆమె మేస్త్రి మాట మీద కిటికీ గట్టున పెన్సిలు పెట్టి చూసిన మనిషి. బిళ్ళ తీసి తన చెవి వెనక అతికించుకుని, గొట్టం మణికట్టుకి కట్టుకుంది.

బల్ల మీద ఒక ఫొటో ఉంది. ఆమె పెద్దన్నయ్యది. తాగి తాగి ముప్పై ఆరేళ్ళకి పోయాడు. ఆఖరిసారి ఇంటికి వచ్చినప్పుడు షమీమే తలుపు తియ్యలేదు. ఈ ప్రయోగశాల పుట్టింది ఆ తలుపు దగ్గరే. రోజూ ఆ ఫొటో వైపు చూసిన ప్రతిసారీ ఆమె గొంతులో ఏదో అడ్డం పడుతుంది. ఇప్పుడు చూసింది. చాలాసేపు చూసింది. ఏమీ అడ్డం పడలేదు. బుడగ నడుమనే ఉంది.

ఆమె బిళ్ళని ఒక్క లాగున పీకేసింది. చెవి వెనక ఎర్రగా కందిపోయింది.

"మా అన్నయ్యని తుడిచేసింది," అంది. "ఇన్నాళ్ళూ మీ అందరికీ నేను ఇదే పెట్టానా?"

"మంచికే పెట్టినారమ్మా. బుడగ సూపించడం వరకూ బంగారం. ఎనక్కి లాగడం మాత్రం వద్దు. అది ఒగ్గీయండి."

"లాగడం ఆపేస్తే మీరు ఎడమ చివరికి పోతారు. ఇవాళే పోతారు. తెలుసు కదా?"

"పోతాను," అన్నాడు పోలినాయుడు. "పోవలసిన సోటికి పోకపోతే నా పిల్ల నన్ను నమ్మదు. రేపు సోమవారం. భయమేస్తే మీకు ఫోన్ సేస్తాను, ఎత్తండి సాలు."

షమీమ్ ఆయన బిళ్ళలో సర్దుబాటు తీసేసింది. మిగిలిన నలభైమందినీ ఆ వారంలోనే ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, జరిగింది చెప్పి, వాళ్ళ ఇష్టప్రకారం తీసేసింది. నివేదిక చింపి మళ్ళీ రాసింది. తరవాతి రెండు నెలల్లో ముగ్గురు జారారు. ఇద్దరు తిరిగొచ్చారు, మూడో ఆయన కోసం ఆమె ఇప్పటికీ ఊళ్ళు తిరుగుతోంది. వీటిలో ఏదీ ఆమె దాచలేదు.

ఆ ఆదివారమే మధ్యాహ్నం మూడింటికి పోలినాయుడు భుజాన పైపు చుట్ట, చేతిలో బకెట్టుతో ఇంటి ముందు నిలబడ్డాడు.

"హైమా, ఇలగ రా. ఒక సెయ్యి కావాలి."

"నా చెయ్యా? ఇంకో వసారా వాలడానికా?"

"ఆఁ. అందుకే."

ఆయన గొంతు తేడాగా వినిపించి హైమ బయటికొచ్చింది. పోలినాయుడు చెంబుతో పైపులోకి నీళ్ళు పోశాడు, ఆ రోజు ఎంత అడ్డదిడ్డంగా పోశాడో అంత అడ్డదిడ్డంగా. ఒక కొస హైమకిచ్చి వంటింటి గుమ్మం దగ్గరకి పంపాడు. తాను వీధి గట్టు దగ్గర నిలబడ్డాడు. నీళ్ళు నిలిచాక ఇద్దరూ పెన్సిలుతో గీతలు పెట్టారు.

"ఇప్పుడు నీ కొస పట్టుకుని నా దగ్గిరకి రా."

హైమ వచ్చింది. రెండు మూతులూ పక్కపక్కన పెట్టారు. ఒకదాంట్లో నీళ్ళు పైకి ఉన్నాయి, రెండోదాంట్లో అంగుళన్నర కిందికి.

"ఇదేటి?" అంది హైమ. "రెండూ సమంగా ఉండాలి కదా?"

పోలినాయుడు పైపుని ఎండ వైపు ఎత్తి పట్టుకున్నాడు. లోపల బొటనవేలంత గాలి. గోటితో నాలుగుసార్లు కొట్టాడు. బుడగ మెల్లగా పైకి పాకి, మూతి దగ్గర బుళుక్కున పోయింది. రెండు పక్కలా నీళ్ళు సర్దుకుని సమంగా నిలిచాయి.

"ఆ రోజు పైపు సుడతా దీన్ని సూసినాను హైమా," అన్నాడు. "అప్పుడే సూసినాను. పొద్దున్నే తాగీసున్నాను. నువ్వు కదల్లేదు. నువ్వు అస్సలు కదల్లేదు తల్లీ. మేస్త్రినని పేరు పోతాదని నీ మీదకి తోసీసినాను. ఎనిమిదేళ్ళు తోస్తానే ఉన్నాను." గడ్డం వణికింది, తరవాత చేతులు, ఆ తరవాత మనిషంతా.

మణికట్టు మీద బుడగ ఎడమ కొసకి పోయి కొట్టుకుంది. దాన్ని వెనక్కి లాగేవాళ్ళు ఎవరూ లేరు. ఆయనకి తాగాలనిపించింది. సందు చివర దుకాణం, ఎనభై అడుగులు, కళ్ళు మూసుకుని వెళ్ళగలడు. వెళ్ళలేదు. నిలబడ్డాడు.

హైమ మొహం ముందు తెల్లబోయింది, తరవాత ఎర్రబడింది.

"పిన్ని పెళ్ళిలో అందరి ముందూ అన్నావు," అంది. "అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. నేను ఆ రోజు అన్నం తినలేదు, నీకు తెలుసా? మొన్న ఆ ముసలాయన చెయ్యి పట్టుకుంటే నాకు సూది కనబడలేదు నాన్నా, నీ మాటే వినబడింది!"

"అను తల్లీ. ఎంతైనా అను. నేను ఎక్కడికీ ఎల్లను."

చాలా అంది. వీధిలో వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూసేంత గట్టిగా అంది. పోలినాయుడు ఒక్కదానికీ అడ్డం చెప్పలేదు, తన మీద తాను జాలి కూడా పడలేదు. ఆ పిల్ల తిట్టింది తాను చేసిన తప్పుని, దానికంటే ఒక్క పిసరు ఎక్కువ తిట్టలేదు. ఆ సంగతి ఆయనకి తెలుస్తూనే ఉంది. ఎంత తప్పో అంతే. తాను ఆ తప్పంత పొడుగు మనిషీ కాదు, ఆ తప్పు లేని మనిషీ కాదు. బుడగ కొస నుంచి కొంచెం, గింజంత, ఇటు జరిగింది. ఆయన చూసుకోలేదు.

గుమ్మంలో నూకరత్నం చీపురు నేలకేసి కొట్టింది. "ఎనిమిది వానాకాలాలు మావా! ఎనిమిది! ఇకపైన వానొస్తే ఆ నీళ్ళు నువ్వే తుడుసుకో!"

"తుడవక్కర్లేదే. తవ్వీసి మళ్ళీ ఏస్తాను," అన్నాడు పోలినాయుడు ముక్కు చీదుకుంటూ.

హైమ కళ్ళు తుడుచుకుంది. నేల మీద పడి ఉన్న పైపు కొస తీసింది. లోపల గాలి ఉందేమోనని ఎండకి పెట్టి చూసింది. రెండు మూతులూ పక్కపక్కన పెట్టి మళ్ళీ చూసింది. ఒక కొస తండ్రి చేతికిచ్చి, తాను వంటింటి గుమ్మం దగ్గరకి వెళ్ళి నిలబడింది.

ఆమె వైపు నీళ్ళు అద్దంలా నిలిచాయి. ఇటువైపు నీళ్ళు మాత్రం గజగజలాడుతున్నాయి.

"నాన్నా, నీ పక్కే ఊగుతున్నాది."

"అవునమ్మా," అన్నాడు పోలినాయుడు. "నాదే ఊగుతున్నాది."

"పర్లేదు. ఆగేక చెప్పు. నేను పట్టుకునే ఉంటాను."

హైమ పట్టుకునే ఉంది. ఆయన చేతులు నెమ్మదించడానికి చాలాసేపు పట్టింది. నూకరత్నానికి కోపం తగ్గి, ఉండబట్టలేక గుమ్మంలోంచే అడిగింది, "రేపు సంతకం పెట్టడానికి ఎల్తావేటే, లేదేటే?"

"వార్డుకి వెళ్తాను. ఆ ముసలాయనకి సూది నేనే పెడతాను," అంది హైమ, నీళ్ళ మీంచి చూపు తిప్పకుండానే పెన్సిలు అందుకుంటూ. "ముందు ఈ గీత గియ్యనీ. నాన్నా, కదలకు."